ఒక బోల్టు, ఒక బుష్: పాత టెలిస్కోపు మౌంటు మరమ్మతు

మన సొసైటీ స్టడీ సెంటరుకు ఒక దాత పంపిన టెలిస్కోపు సంగతి ఈ సంచిక చదివే పెద్దల్లో చాలామందికి తెలుసు. అది కొత్తది కాదు, ఒకరు వాడి అమ్మినది. గొట్టం బాగుంది, అద్దం బాగుంది, మూడు కాళ్ళ స్టాండు కూడా గట్టిగానే ఉంది. గొట్టానికీ స్టాండుకూ మధ్య ఉండి, గొట్టాన్ని మోస్తూ తిప్పే ఇనుప భాగాన్ని మౌంటు అంటారు. పాడైంది అది. "గొట్టం బాగున్నప్పుడు ఏ బల్ల మీదనో పెట్టి చూడొచ్చు గదా" అని కమిటీలో కొందరన్నారు. "తుక్కు కింద వేసి కొత్తది కొందాం" అని మరికొందరన్నారు. రెండూ సదుద్దేశంతో అన్న మాటలే. రెండూ ఎందుకు కుదరవో, చివరికి మరమ్మతు ఎలా జరిగిందో దాతలకు వివరంగా చెప్పడం మా బాధ్యత అనుకుంటున్నాం.

ముందు బల్ల సంగతి. భూమి 24 గంటల్లో ఒక చుట్టు తిరుగుతుంది. అంటే గంటకు 15 డిగ్రీలు, నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ. నిండు చందమామ వెడల్పు అర డిగ్రీ మాత్రమే. వంద రెట్లు పెద్దది చేసి చూపే కంటికటకం పెడితే మనకు కనబడే ఆకాశపు ముక్క కూడా సుమారు అంతే. శనిగ్రహాన్ని సరిగ్గా మధ్యలోకి తెచ్చి, పక్కకు జరిగి, ఒక పిల్లవాణ్ణి రమ్మంటే, వాడు పీట ఎక్కి కన్ను ఆనించేలోపు శని అంచుకు చేరుతుంది. ఒక్క నిమిషం చాలు. నలభై మంది పిల్లలు వరసలో నిలబడితే నలభై సార్లు వెతుక్కోవాలి. పదో పిల్లవాడికే ఓపిక చచ్చిపోతుంది, పిల్లలకూ మనకూ.

ఈ చిక్కుకు మంచి పరిష్కారం చూపినవాడు జర్మనీకి చెందిన ఫ్రౌన్‌హోఫర్. 1824లో ఈనాటి ఎస్టోనియాలోని డోర్పాట్ వేధశాలకు ఆయన చేసిచ్చిన టెలిస్కోపులో ఒక ఇరుసును భూమి ఇరుసుకు సమాంతరంగా వంచి పెట్టాడు. అలా పెడితే ఆ ఒక్క ఇరుసును భూమి తిరిగే వేగంతోనే ఎదురు తిప్పుతుంటే చాలు, నక్షత్రం కదలకుండా నిలబడినట్టు ఉంటుంది. ఈనాటికీ చాలా టెలిస్కోపుల మౌంట్లు ఆ పద్ధతివే. మన దానిలో ఆ ఇరుసుకు 144 పళ్ళ చక్రం ఉంది. చేతిపిడి ఒక చుట్టు తిప్పితే ఒక పన్ను, అంటే రెండున్నర డిగ్రీలు జరుగుతుంది. రెండున్నర డిగ్రీలంటే ఎన్ని నిమిషాలు? పది. ఈ లెక్క మేము చెప్పలేదు, ఏడో తరగతి పిల్లలే వేశారు.

ఇక అసలు విషయం. ఆ ఇరుసును ఎంత వంచి పెట్టాలి? ఊరి అక్షాంశం ఎంతో అంత. ఏలూరుకు 16.7 డిగ్రీలు, తాడేపల్లిగూడేనికి 16.8. రెండు ఊళ్ళకూ ఉన్న తేడా మౌంటు మీది గీతల్లో కనబడనే కనబడదు. కానీ లండన్‌కు 51.5 డిగ్రీలు. ఇలాంటి మౌంట్లను ఎక్కువగా 40, 50 డిగ్రీల అక్షాంశాల్లో ఉండేవారిని దృష్టిలో పెట్టుకొని తయారుచేస్తారు. అక్కడ ఇరుసు నిటారుకు దగ్గరగా నిలబడుతుంది. మన దగ్గర దాదాపు పడుకొని ఉంటుంది. పడుకున్న ఇరుసు చివర గొట్టం, దానికి ఎదురు తూకం బరువు రెండూ వేలాడతాయి. ఈ మొత్తం ఉత్తరానికి వాలి పడిపోకుండా ఆపేది ఒకే ఒక్క బోల్టు. అక్షాంశం సరిచేసే బోల్టు అదే.

మన మౌంటు కొలతలతోనే లెక్క చూద్దాం. గొట్టం, ఎదురు తూకం, తల భాగం కలిపి 12 కిలోలు. ఆ బరువు కేంద్రం కీలు నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో ఉంది. లండన్‌లో అయితే అడ్డంగా కొలిచిన దూరం 9.3 సెంటీమీటర్లు, ఏలూరులో 14.4. బోల్టు నెట్టే చోటు కీలుకు 3.5 సెంటీమీటర్ల కిందనే ఉంది. కాబట్టి బోల్టు మీద పడే ఒత్తిడి అక్కడ 32 కిలోలైతే ఇక్కడ 49. అదే యంత్రం, అదే బరువు, ఒకటిన్నర రెట్ల మోత. పైగా ఇరుసు వాలినకొద్దీ బోల్టు మొన నేరుగా కాక ఏటవాలుగా ఆనుతుంది, అందువల్ల వంగుతుంది. తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రంలో మీటల పాఠం చెప్పేటప్పుడు ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు ఇన్నేళ్ళ సర్వీసులో దొరకలేదు.

మన దానికి జరిగిందీ అదే. 8 మిల్లీమీటర్ల బోల్టు విల్లులా వంగింది. వంగిన దాన్ని గొట్టం దించకుండానే ఎవరో బలవంతంగా తిప్పినట్టున్నారు, పోత లోపలి మర మొత్తం ఊడి బోల్టు చుట్టూ తీగలా చుట్టుకుంది. కొత్త బోల్టు వేద్దామన్నా పట్టుకోవడానికి మర లేదు.

ఇలాంటివి విడిభాగాలుగా సులభంగా దొరకవు. దొరికినా మళ్ళీ అదే పలచని బోల్టు, అదే మెత్తటి పోత. కాబట్టి ఏలూరులోనే ఒక లేత్ షాపుకు తీసుకెళ్ళాం. అక్కడి భాయ్ రోజూ చేసేది చేపల చెరువుల ఏరేటర్ల షాఫ్టులు, ఇంజన్ల పుల్లీలు, రైసు మిల్లుల సామాను. టెలిస్కోపు ఆయన చూడటం అదే మొదలు. వేలితో ఆ రంధ్రం తడిమి, "మాస్టారూ, ఇది పోత సరుకు. వెల్డింగు పెడితే పక్కన పగుల్తుంది. బుష్ కొడదాం" అన్నారు. మేము ఎన్నో పుస్తకాలు తిరగేసి తేల్చుకున్న మాట ఆయన వేలు చెప్పింది. లప్పం లాంటి జిగురు ముద్దలతో రంధ్రం పూడ్చి అందులోనే మర కోయమని సలహా ఇచ్చినవారూ ఉన్నారు. 49 కిలోల ఒత్తిడికి అది ఒక్క రాత్రి కూడా ఆగదు.

పని జరిగిన తీరు ఇది. మౌంటు తలను కీలు దగ్గర విప్పి, పాత రంధ్రాన్ని 14 మిల్లీమీటర్లకు పెంచారు. చేతి డ్రిల్లుతో కాదు, స్టాండు డ్రిల్లుతో, పోతను బిగించి. రంధ్రం ఒరిగితే జన్మంతా బోల్టు ఒరిగే ఉంటుంది. అందులో 16 మిల్లీమీటర్ల మర కోశారు. ఇత్తడి కడ్డీ నుంచి బయట మర ఉన్న బుష్ చేసి, ఆరల్డైట్ పూసి బిగించి, ఒక రాత్రంతా వదిలేశారు. తెల్లారిన తర్వాతే బుష్ లోపల 8.5 రంధ్రం వేసి 10 మిల్లీమీటర్ల మర కోశారు. ముందే కోసి బిగిస్తే రెండు మరలూ ఒకే గీత మీద ఉంటాయన్న నమ్మకం లేదు.

ఇక్కడ ఒక చిన్న విషయం మీద భాయ్‌కీ మాకూ చాలాసేపు చర్చ జరిగింది. బుష్‌కు ఒక వైపు అంచు పెట్టాలి. ఏ వైపు? చూడటానికి బాగుంటుందని బయటి వైపు పెట్టడం మామూలు. కానీ బోల్టు లోపలికి నెడుతుంటే, ఎదురు ఒత్తిడి బుష్‌ను బయటికి తోస్తుంది. అంచు లోపలి వైపు ఉంటే ఆ ఒత్తిడే దాన్ని పోతకు మరింత అదిమి పెడుతుంది. భాయ్ ఒక కాగితం మీద గీసుకొని చూసి, అంచు లోపలికే పెట్టారు. జిగురు ఎప్పుడైనా విడిపోయినా బుష్ ఊడదు.

బోల్టు తల మీద 8.8 అని అంకె ఉన్నదే తీసుకున్నాం. అది గట్టి ఉక్కుకు గుర్తు. వంగకుండా తట్టుకునే శక్తి అడ్డకొలత ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 8 మిల్లీమీటర్ల బోల్టుకు మర అడుగున అసలు మందం సుమారు 6.5, పది మిల్లీమీటర్ల దానికి 8.2. లెక్క వేస్తే బలం రెండింతలు. రెండు మిల్లీమీటర్లతో రెండింతలు! స్టెయిన్‌లెస్ బోల్టు తుప్పు పట్టదు కదా అని అడగవచ్చు. నిజమే, కానీ స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ ఒత్తిడిలో పట్టేసి కదలదు. ఇత్తడిలో ఉక్కు నున్నగా తిరుగుతుంది. కొల్లేటి గాలి తేమకు గ్రీజు పూస్తే సరి. మొనను గుండ్రంగా అరగదీసి, అది ఆనే చోట మూడు మిల్లీమీటర్ల ఇత్తడి బిళ్ళ పెట్టారు. పళ్ళ చక్రానికి పట్టి ఉన్న జిగటలాంటి పాత గ్రీజు కిరోసిన్‌తో కడిగి కొత్తది పెట్టాం. మొత్తం ఖర్చు ఏడు వందల రూపాయలు. అలాంటి కొత్త మౌంటు ధరలో ఇరవయ్యో వంతు కూడా కాదు.

మౌంటు నిలబెట్టేటప్పుడు మరో చిక్కు వచ్చింది. ఇరుసు పడుకొని ఉండటం వల్ల ఎదురు తూకం కిందికి దిగి ఉత్తరపు కాలికి తగులుతుంది. స్టాండును తిప్పి ఒక కాలు దక్షిణానికి పెడితే బరువు మిగతా రెండు కాళ్ళ మధ్య నుంచి పోతుంది. ఉత్తరం తెలుసుకోవడానికి ధ్రువనక్షత్రం ఉంది గానీ, మనకు అది నేల నుంచి పదహారు పదిహేడు డిగ్రీల ఎత్తులోనే. డిసెంబరు, జనవరి మంచులో కైకలూరు, ఆటపాక వైపు కొల్లేటి గట్టున నిలబడితే అది కనబడని రాత్రులే ఎక్కువ. అందుకని పగలే పిల్లలచేత గీయించాం. చదునైన నేల మీద వృత్తం, మధ్యలో నిటారు పుల్ల. పొద్దున నీడ కొస వృత్తాన్ని తాకిన చోట ఒక గుర్తు, మధ్యాహ్నం దాటాక మళ్ళీ తాకిన చోట మరొకటి. రెండింటికీ సరిగ్గా మధ్యకు కేంద్రం నుంచి గీసిన గీత ఉత్తర దక్షిణాలు. మన పూర్వపు ముస్లిం ఖగోళ పండితులు ఈ పద్ధతిని నమాజు వేళలకూ ఖిబ్లాకూ వాడారు. దానికి వారు పెట్టిన పేరు దాయిరా హిందియ్యా, అంటే హిందూదేశపు వృత్తం.

ఆ గీత ఉండగానే పిల్లలు ఖిబ్లా కూడా గీశారు. ఏలూరు నుంచి మక్కా దిశ నేరుగా పడమర కాదు, పడమరకు ఉత్తరంగా సుమారు పదమూడున్నర డిగ్రీలు. సరిచూసుకోవాలంటే మే 28న మన టైము మధ్యాహ్నం 2.48కి, జులై 16న 2.57కి సూర్యుడు సరిగ్గా కాబా మీద ఉంటాడు. అప్పుడు సూర్యుడున్న వైపే ఖిబ్లా. జులైలో మబ్బు పట్టకపోతే!

ఇప్పుడు దాతలకు చెప్పుకోవలసిన మాట. వఖఫ్ విషయంలో హనఫీ ఫిఖహ్ చెప్పే నియమం ఒకటుంది. వఖఫ్ ఆదాయంలో మొదటి ఖర్చు ఆ వఖఫ్ మరమ్మతుకే, ఇచ్చినవారు ఆ షరతు రాసినా రాయకపోయినా. ఆ తర్వాతే హక్కుదారులకు. కట్టడం కూలిపోయాక పంచడానికేముంటుంది? 1259లో నసీరుద్దీన్ తూసీ మరాఘాలో మొదలుపెట్టిన వేధశాలకు వఖఫ్ ఆదాయం కేటాయించారు. దాన్ని కట్టించిన హులాగూ 1265లో పోయినా అక్కడ పని దశాబ్దాలపాటు సాగింది. సమర్‌ఖండ్‌లో ఉలుగ్‌బేగ్ కట్టించినది ఎంతో గొప్పది, కానీ 1449లో ఆయన హత్య తర్వాత పాడుబడింది. మన హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో సొంత సొమ్ముతో పదిహేనంగుళాల గ్రబ్ టెలిస్కోపు తెప్పించి నిజామియా వేధశాలకు పునాది వేశారు. 1907లో ఆయన పోయారు. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం దాన్ని చేతిలోకి తీసుకొని ఏటా ఖర్చు భరించబట్టి, మొదట చిలీలోని శాంటియాగో వేధశాలకు అప్పగించిన ఆకాశపు భాగాన్ని మనవాళ్ళు ఫొటోలు తీసి పూర్తిచేశారు. ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు పన్నెండు సంపుటాల్లో అచ్చయ్యాయి. ఆ పెద్ద గ్రబ్ టెలిస్కోపు మాత్రం దాత చూడకుండానే, భాస్కరన్ గారు డైరెక్టరుగా ఉన్న కాలంలో నిలబడింది.

మన సొసైటీ లెక్కల్లో కొనుగోళ్ళకు పద్దు ఉంది, మరమ్మతుకు లేదు. కుట్టు మిషన్లు, కంప్యూటర్లు, ఈ టెలిస్కోపు, అన్నిటిదీ అదే కథ. ఇచ్చిన రోజు ఫొటో, పాడైన రోజు బీరువా. వస్తువు ఇచ్చే దాతలు దాని ధరలో పదో వంతు మరమ్మతు పద్దులో కూడా వేయాలని కమిటీకి మా మనవి. జకాత్ సొమ్ము దీనికి పనికిరాదు, దాని హక్కుదారులు వేరు. ఇది సదఖా, ఇమ్దాద్ పద్దుల నుంచే జరగాలి. ఈ సంవత్సరం మరమ్మతుకు ఏడు వందలు లేక కాదు, ఏ పద్దు కింద రాయాలో తేలక ఆ మౌంటు నాలుగు నెలలు మూలన ఉంది.

టెలిస్కోపు పెట్టె మూత లోపల ఒక కాగితం అతికించాం. బోల్టు 10 మిల్లీమీటర్లు, మర దూరం 1.5, గుర్తు 8.8, బుష్ ఇత్తడి, అంచు లోపలికి. దాని కింద ఎర్ర సిరాతో: అక్షాంశం మార్చేముందు గొట్టం, ఎదురు తూకం దించాలి, ఎదురు బోల్టు వదులు చేయాలి. వంగిన పాత బోల్టు కూడా ఆ పెట్టెలోనే ఉంది. తాడేపల్లిగూడెం నుంచి మరొక పాత టెలిస్కోపు ఇస్తామని కబురు వచ్చింది. దానికి చేతిపిడి తీగ తెగిపోయిందట. తీగ కొలత పంపమని రాశాం.