పసికందును పోగొట్టుకున్న ఇంట



పురిటి బిడ్డ పోయిన ఇంట్లో తల్లి మంచం దిగదు. తండ్రి మూడోనాడే మిరప చేలోకి వెళ్తాడు. "వీడికి బాధే లేదు" అని మన సత్తెనపల్లిలో తేలిగ్గా అనేస్తాం. అది న్యాయమా?

బిడ్డ జబ్బుపడితే దావీదు ఉపవసించి నేలపై పడుకున్నాడు. బిడ్డ పోయాక లేచి స్నానం చేసి, దేవుని ఆరాధించి, భుజించాడు (2 సమూ 12). సేవకులకు అది అర్థం కాలేదు. లాజరు చనిపోతే మార్త ప్రభువుకు ఎదురు వెళ్ళింది. మరియ ఇంట్లోనే కూర్చుంది. ప్రభువు మార్తతో మాట్లాడారు. మరియ ఏడ్పు చూసి తానూ కన్నీరు విడిచారు (యోహాను 11). ఎవరి దుఃఖాన్నీ తప్పుపట్టలేదు.

జ్ఞానస్నానం అందలేదని కుమిలేవారున్నారు. శ్రీసభ సత్యోపదేశం (1261) అట్టి బిడ్డలను దేవుని కనికరానికి అప్పగిస్తుంది. తల్లిదండ్రులు జ్ఞానస్నానం ఇప్పించ తలచి ఉంటే, మేత్రాణుల అనుమతితో శ్రీసభ అంత్యక్రియలు జరపవచ్చునని 1983 నాటి శ్రీసభ చట్టం (1183) చెబుతోంది. మీ గురువులను అడగండి. కోరనివారిని బలవంతపెట్టకండి.

"వయసుంది, మళ్ళీ పుడతారులే" అనకండి. పోయిన బిడ్డకు బదులు బిడ్డ లేదు. తల్లి బిడ్డ పేరెత్తితే వినండి. తండ్రి మాట్లాడకపోతే పక్కన కూర్చోండి. ఇంత అన్నం వండి పట్టుకెళ్ళండి. ఆ ఇంటికి అదే మన ప్రార్థన.