తుపాకియా? మనస్సా? – సామూహిక హింసకు కారణ విచారము



మన కుటుంబముల పిల్లలు నేడు చదువులకు, ఉద్యోగములకు అమెరికా వెళ్ళుచున్నారు. అక్కడ బడిలోనో బజారులోనో తుపాకి పేలినదని వార్త వచ్చినప్పుడెల్ల ఇక్కడ తల్లుల గుండెలు గుబగుబలాడును. 2023 మే 6వ తేదీన టెక్సాస్ రాష్ట్రములో, ఆలెన్ పట్టణపు అంగళ్ళ సముదాయమున ఒకడు కాల్పులు జరుపగా 8 మంది మరణించిరి. వారిలో తెలంగాణ నుండి వెళ్ళిన తెలుగు యువతి ఒకరు. కనుక ఈ వివాదము మనకు పరాయిది కాదు.

ఆ దేశమున రెండు పక్షములు గలవు. చంపునది మనిషేగాని తుపాకి కాదనియు, 1791లో చేరిన రాజ్యాంగపు రెండవ సవరణ తమకు ఆయుధ హక్కు నిచ్చినదనియు ఒక పక్షము వాదించును. 2008లో అక్కడి సుప్రీంకోర్టు ఆత్మరక్షణకు ఇంట తుపాకి యుంచుకొనుట వ్యక్తి హక్కేనని తీర్పు చెప్పినది. అయితే ఆ హక్కునకు హద్దులు గలవనియు అదే తీర్పులో చెప్పినది. రెండవ పక్షమువారు, కోపిష్ఠులు ప్రతి దేశమునను ఉన్నారు, తుపాకి ఇంత సులువుగ దొరకుటయే మా దేశపు కీడు అందురు.

ఇందులో మన శాస్త్రము చెప్పునదేమి? ఉమాస్వామి ఆచార్యులు తత్త్వార్థసూత్రము 6వ అధ్యాయములో, కర్మ వచ్చి చేరుటకు ఆధారములు జీవము, అజీవము అని రెండు చెప్పిరి. జీవుని పనికి మూడు మెట్లు చూపిరి. చేయవలెనను సంకల్పము సంరంభము. సాధనములు కూర్చుకొనుట సమారంభము. పనికి పూనుకొనుట ఆరంభము. ఈ మూడింటిని మనోవాక్కాయములు మూడింటితోను, తాను చేయుట, చేయించుట, మెచ్చుకొనుట అను మూడింటితోను, క్రోధ మాన మాయా లోభములు నాలుగింటితోను హెచ్చవేసిన 108 అగును.

ఈ లెక్క తెలిసిన శ్రావకునకు అమెరికా వివాదము సులభముగా అర్థమగును. మొదటి పక్షము సంరంభమునే చూచుచున్నది. రెండవది సమారంభమునే చూచుచున్నది. రెండును కారణములే.

2012 డిసెంబరు 14వ తేదీని చూడుడు. ఆ రోజున చైనాలోని హెనాన్ రాష్ట్రమున ఒకడు కత్తితో బడిలో జొరబడి ఇరవైమందికి పైగా పిల్లలను గాయపరచెను; ఒక్కరును మరణింపలేదు. అదే రోజున అమెరికాలోని శాండీ హుక్ బడిలో ఒకడు రైఫిలుతో 20 మంది పిల్లలను, 6 గురు పెద్దలను చంపెను. ఇద్దరును పసివారిమీదికే పోయిరి. సాధనము వేరగుటచే ఫలము వేరాయెను. అయినను కత్తి నిరపాయము కాదు. 2001లో జపానులోని ఒసాకాలో ఒకడు కత్తితోనే 8 మంది బడిపిల్లలను చంపెను.

1996 ఏప్రిల్ 28న ఆస్ట్రేలియాలోని పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది హతులైరి. రెండు వారములలోపుననే అక్కడి ప్రభుత్వములు ఏకమై త్వరత్వరగా పేలు రైఫిళ్ళను నిషేధించినవి. సుమారు ఆరున్నర లక్షల తుపాకులను ప్రజలకు సొమ్మిచ్చి కొని నాశనము చేసినవి. తుపాకి కొనగోరువాడు కారణము చూపి, 28 దినములు ఆగవలెనని నియమించినవి. అటుపై అట్టి ఘోరములు బహు అరుదాయెను. కాని పూర్తిగా ఆగలేదు. 2025 డిసెంబరులో సిడ్నీ బోండీ తీరమున 15 మంది బలియైరి. చట్టము సమారంభమునకు కంచె వేయగలదు, సంరంభమును పెరికివేయలేదు.

ఇక మన వర్తకులకు సంబంధించిన మాట. 2022 మే 24న టెక్సాస్‌లోని యువాల్డి బడిలో 19 మంది పిల్లలను, ఇద్దరు ఉపాధ్యాయినులను చంపినవాడు 18 ఏండ్లు నిండిన కొద్ది రోజులకే రైఫిళ్ళు కొనెను. ఆ కొనుగోలు చట్టసమ్మతమే. చట్టమొప్పిన బేరమెల్ల ధర్మమొప్పునా? సమంతభద్రాచార్యులు రత్నకరండ శ్రావకాచారమున గొడ్డలి, కత్తి, నిప్పు, సంకెళ్ళు మున్నగు వధ సాధనముల నిచ్చుటను హింసాదానమనిరి. అది నిష్ప్రయోజనముగ తెచ్చుకొను పాపములలో నొకటి.

మాది ఇనుప సామానుల అంగడి. నా చిన్ననాట ఒక సాయంకాలము ఒకడు వచ్చి వేటకొడవలి అడిగెను. ధర అడుగలేదు, పదును చూచెను. మా నాయనగారు "సరుకు లేదు, రేపు రావయ్యా" అనిరి. కొడవళ్ళు లోపల గోడకు వ్రేలాడుచునే యున్నవి. అబద్ధమాడితిరేమని నేనడుగగా, "బేరమాడని గిరాకీని చూస్తే భయపడాలిరా, తెల్లవారితే కోపం దిగుతుంది" అనిరి. అతడు మరునాడు రాలేదు. ఏమి తప్పెనో మాకు తెలియదు. ఆ రాత్రి మా నాయనగారు ఆడిన అబద్ధమునకు సామాయికమున ప్రాయశ్చిత్తము చేసికొనిరి. సరుకు ఇవ్వనందులకు మాత్రము చింతింపలేదు.

ఆస్ట్రేలియావారి 28 దినముల నియమమును చదివినప్పుడెల్ల నాకు ఆ "రేపు" జ్ఞప్తికి వచ్చును. మన దేశమునను 1959 ఆయుధ చట్టము లైసెన్సు లేనిదే తుపాకి యుంచరాదనుచున్నది. ఆ కంచె ప్రభుత్వము పని. కోపము పుట్టిన మొదటి మెట్టుననే క్షమను నేర్పుట ఇంటివారి పని. నడుమ నున్న మెట్టున అంగడివాడు నిలిచియున్నాడు. చేసినవానితోపాటు చేయించినవాడును, మెచ్చినవాడును ఆ 108 లెక్కలో చేరుదురని మన పిల్లలకు త్రాసు పట్టుట నేర్పునాడే చెప్పుదము.