తోట మంచానికి కోడు మనమే చేసుకుందాం

జీడితోటలో కాపలా మంచం కోడు విరిగిందా? మంచం పారేయకండి. కాళ్లవైపు తాడు వదులు చేసి, పట్టెలు ఊడదీయండి. విరిగిన కోడు పొయ్యిలో పెట్టెయ్యకండి, కొలత అదే!

నల్లతుమ్మ మేలు. నీడలో బాగా ఆరిన కర్రే కావాలి. పచ్చికర్ర ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది, బెజ్జం వదులై మంచం ఊగుతుంది. 2018 తిత్లీ తుపానుకు ఉద్దానంలో కొబ్బరిచెట్లు వేలాదిగా కూలాయి కదా, అలాంటి మాను ఎండబెట్టి దాచుకున్నవారు మొదలువైపు పైచెక్క వాడొచ్చు. నడిమి భాగం మెత్తన, బరువుకి ఆగదు.

బెజ్జాలు పాతకోడు చూసి గీయండి. ఉలితో కొంచెం కొంచెంగా తొలుస్తూ, పట్టె కొస పెట్టి చూస్తుండండి. తొందరపడితే కోడు చీలుతుంది. సుత్తి దెబ్బకే దిగేంత బిగువుండాలి. అడుగున నాలుగు వేళ్ల మేర వాడేసిన ఇంజనాయిలు పట్టిస్తే చెద తొందరగా పట్టదు. అది ఇంకాకే తాడు బిగించండి.