తరవాతేమైందిరా?

పోయిన నెల ఒక సాయంత్రం, ఒకప్పుడు నా దగ్గర పదో తరగతి చదువుకున్న అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఇప్పుడు తనకే ఎనిమిదో తరగతి చదివే కొడుకున్నాడు. కూర్చోకుండానే కూరల సంచీలో చెయ్యి పెట్టి, బెండకాయల కిందనుంచి ఒక ఇంగ్లీషు పుస్తకం బయటికి తీసింది. అట్ట మీద పాడుబడ్డ బంగళా, మేడమీది కిటికీలో చిన్న దీపం.

"చూడండి మాస్టారూ, సమ్మేటివ్ పరీక్షలు పదిహేను రోజుల్లో ఉన్నాయి. వీడేమో రాత్రిపూట దుప్పట్లో టార్చిలైటు పెట్టుకుని ఈ దెయ్యాల పుస్తకం చదువుతున్నాడు. మీరు పిలిచి నాలుగు చీవాట్లు పెట్టండి."

"కథేంటమ్మా?" అన్నాను.

"ఏమో, నాకేం తెలుసు? దెయ్యాలే."

"వాణ్ణి అడిగావా?"

అడగలేదు. ఎక్కడిదని అడిగింది, ఎవడిచ్చాడని అడిగింది, ఎన్నాళ్లనుంచి ఈ భాగోతమని అడిగింది. కథేంటని మాత్రం అడగలేదు.

ముప్ఫై ఏళ్ల పైబడి లెక్కలు చెప్పాను కదా, రామచంద్రపురంలో ఇలాంటి పంచాయితీలు నా అరుగు మీదికి వస్తూనే ఉంటాయి. తీర్పు చెప్పే అర్హత నాకుందనుకోను. ఆ వయసులో నేనూ దొంగనే.

మా చిన్నతనంలో బస్టాండు దగ్గర ఒక చెక్కబడ్డీలో అద్దెకు నవలలు ఇచ్చేవారు. డిపాజిట్టు రూపాయి, అద్దె రోజుకు పది పైసలు. పుస్తకాలు నలిగిపోతాయని ముందుగానే దబ్బనంతో అడ్డంగా కుట్టేసి, పైన గోధుమరంగు అట్ట వేసేవాడు. ఆ కుట్టు దెబ్బకి ప్రతి పేజీలోనూ లోపలివైపు మొదటి అక్షరం దారంలోకి దూరిపోయేది, ఊహించి చదువుకోవాలి. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంటు రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు నాకు అక్కడే పరిచయమయ్యారు. టెంపోరావు గారివీ ఉండేవి.

ఆ పుస్తకాల్లో కథ ఒక ఎత్తు, అంచుల్లో రాతలు ఒక ఎత్తు. మూడో పేజీలో "పదమూడో పేజీ చూడు" అని ఉంటుంది. అక్కడికెడితే "నలభయ్యో పేజీ చూడు". అక్కడికీ వెడితే "నువ్వు గాడిదవి". ఇంకొందరు దుర్మార్గులు మొదటి పేజీలోనే హంతకుడి పేరు రాసి కింద గీత గీసేవారు. ఒక ఆకుపచ్చ సిరా మనిషి ఉండేవాడు. ప్రతి పుస్తకం చివరా ఒకటే వాక్యం: "రెండో హత్య అక్కర్లేదు", "వంటవాడి మీద నాకు ముందునుంచీ అనుమానమే". ఆకుపచ్చ సిరా కాబట్టి గెజిటెడ్ ఆఫీసరే అయి ఉంటాడని మా బెంచీలో అందరం తీర్మానించాం. నేను పెన్సిల్‌తో కింద జవాబు రాసేవాణ్ణి. ఆయన ఎవరో ఈనాటికీ తెలీదు. అయినా పుస్తకాల గురించి నేను మొదట మాట్లాడిన పెద్దమనిషి ఆయనే.

ఇంట్లో మాట్లాడే వీల్లేకపోయింది. సోషల్ పుస్తకం మధ్యలో యుగంధర్‌ని మా నాన్నగారు పట్టుకున్నారు. ఒక్క మాటా అనలేదు. తిన్నగా పెరట్లోకి తీసుకెళ్లి నీళ్ల కాగు కింద పెట్టేశారు. రూపాయి డిపాజిట్టు పోయింది, హంతకుడెవరో తెలీకుండా పోయింది. నేను చదవడం మానానా అంటే, లేదు. ఆయనకి చెప్పడం మానేశాను. ఆ రోజునుంచి ఆయన పోయేదాకా మా మధ్య ఏ పుస్తకం మాటా రాలేదు. దినకర్మలన్నీ అయ్యాక మా మేనత్త చెప్పింది, "మీ నాన్న చిన్నప్పుడు కొవ్వలి నవలల పిచ్చోడురా, రైలు స్టేషన్లో కొనుక్కొచ్చి గడ్డిమేటులో దాచేవాడు" అని. కొవ్వలి లక్ష్మీనరసింహరావు గారు తణుకులో పుట్టి, వెయ్యి నవలలు రాశారని పేరు తెచ్చుకున్న మనిషి. వాటిలో మా నాన్నకి ఏది ఇష్టమో అడిగే అవకాశం నలభై ఏళ్లు నా పక్కనే ఉంది.

అందుకని ఆ అమ్మాయికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. పుస్తకం లాక్కోకండి. ముందు కథ అడగండి.

అడగడంలో ఒక కిటుకుంది. "ఈ కథవల్ల నువ్వేం నేర్చుకున్నావు?" అని అడిగితే పిల్లవాడు ఆ క్షణమే పుస్తకం మూసేస్తాడు. అది పరీక్ష ప్రశ్న, వాడికి తెలుసు. "తరవాతేమైందిరా?" అని అడగండి. వంకాయలు తరుగుతూ అడగండి, స్కూటీ మీద ట్యూషన్‌కి దింపుతూ అడగండి. ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగితే మాత్రం అది విచారణ అయిపోతుంది. వాడు తప్పు చెబితే దిద్దకండి. పేర్లు కలిపేస్తే కలిపెయ్యనివ్వండి. "ఎలాగూ చదివావు కదా, కథ పది వాక్యాల్లో రాసి చూపించు, దస్తూరీ కుదురుతుంది" అనే తల్లిదండ్రులు కూడా నాకు తెలుసు. ఆ తరవాత ఆ ఇంట్లో రెండో పుస్తకం కనిపించలేదు.

అపరాధ పరిశోధన నవల చదివితే బుర్ర పాడవుతుందని ఇంకా నమ్మేవాళ్లకి లెక్కల మాస్టారుగా ఒక మాట. మా రోజుల్లో రేఖాగణితం సిద్ధాంతానికి దత్తాంశము, సారాంశము, ఉపపత్తి అని మూడు మెట్లుండేవి. డిటెక్టివ్ కథలో శవం, తెరిచి ఉన్న కిటికీ, ఆగిపోయిన గడియారం దత్తాంశం. ఉపపత్తి చివరి పేజీలో ఉంటుంది. మా క్లాసులో మొదట దాన్ని అర్థం చేసుకున్నది యుగంధర్ బెంచీయే. కావాలంటే మా మార్కులు చూసుకోండి, నావి తప్ప.

"మంచి పుస్తకాలు చదవచ్చుగా మాస్టారూ" అంటారు. ఏవి మంచివో పెద్దలు ముందుగా తేల్చిన సందర్భం ఒకటి మనకు దగ్గర్లోనే ఉంది. అనపర్తి పక్కన పొలమూరులో 1891లో పుట్టిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారిది వైదిక కుటుంబం. సంస్కృతం చదువుకోవలసిన పిల్లవాడు తెలుగు పుస్తకాలు ముట్టుకోవడం ఆ ఇంట్లో పాడైపోవడం కిందే లెక్క. ఆ గొడవంతా ఆయన 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ'లో తానే రాసుకున్నారు. ఇప్పుడు మనం పిల్లల్ని ఏ మంచి తెలుగు చదవమన్నా ఆ జాబితాలో ముందు వరసలో ఉండేది ఆయనే.

అద్భుతాలూ దెయ్యాలూ తక్కువ రకం అన్న మాటా నిలవదు. విశ్వనాథ సత్యనారాయణ గారు 'హాహాహూహూ'లో గుర్రం తలకాయ ఉన్న గంధర్వుణ్ణి తీసుకెళ్లి లండన్‌లో పడేశారు. బెంగాల్లో సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలీ' తీసిన పదేళ్లకి, 1965లో, తాతగారు పెట్టిన పిల్లల పత్రిక 'సందేశ్'లో ఫెలూదా అనే డిటెక్టివ్‌ని పుట్టించారు. ఇక మన చందమామలో తోకచుక్క, ముగ్గురు మాంత్రికులు, రాకాసిలోయ చదివి పెరగనివాళ్లు మా తరంలో తక్కువ. వాటిని రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరు ఆ సీరియళ్ల మీద ఉండేది కాదు. పక్కనున్న, చిత్రకారుడు చిత్రా వేసిన బొమ్మలు కళ్లకు కట్టినట్టు గుర్తుండేవి, రాసినాయన ఎవరో తెలిసేది కాదు. ఇంకో విచిత్రం, అన్ని మంత్రాలూ మాంత్రికులూ రాసిన ఆ మనిషి స్వయానా నాస్తికుడు.

మీరు ఇలా చదివి పెరిగిన కథల సంగతి మీ పిల్లలకి చెప్పండి. చెప్పమనడానికి కారణముంది. వాడి కథ మీరు వినాలంటే మీ కథ వాడికి చెప్పాలి. "నువ్వేం చదువుతున్నావు?" అని రోజూ అడిగే అమ్మని, "నువ్వేం చదువుతున్నావమ్మా?" అని వాడు ఒకరోజు తిరిగి అడుగుతాడు. ఆ రోజుకి మీ చేతిలో ఏదో ఒకటి ఉండాలి. యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' రెండోసారి చదువుతున్నా ఫరవాలేదు, మధుబాబు షాడోని మళ్లీ దుమ్ము దులిపినా ఫరవాలేదు. ఏమీ లేకపోతే పాత చందమామలు ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతున్నాయి. వాడికి హ్యారీ పాటర్ ఇంగ్లీషులో వచ్చు, మీకు రాదు అనుకోండి, అదీ మంచిదే. వాడి చేత తెలుగులో చెప్పించుకోండి. ఇంగ్లీషు మాంత్రికుణ్ణి గోదావరి యాసలో వినాలంటే వేరే దారి లేదు. మొన్న ఒక బుడతడు నాతో "అప్పుడు ఆ ముసలాయన గెడ్డం సవరించుకుని, ఆయ్, నాకు తెలుసండీ అన్నాడు" అని చెప్పాడు. ఆ ముసలాయన డంబుల్‌డోర్.

అన్నీ అందరూ చదవచ్చని నేననను. 1980ల మొదట్లో చేతబడి నవల 'తులసిదళం' ఆంధ్రభూమి వీక్లీలో వస్తున్నప్పుడు నేను అప్పుడే ఉద్యోగంలో చేరిన మగాణ్ణి. అయినా రోడ్డు మీద కుంకుమ అద్దిన నిమ్మకాయ కనిపిస్తే సైకిల్ పక్కకి తిప్పేవాణ్ణి. రాసిన యండమూరి వీరేంద్రనాథ్ గారు మన రాజోల్లో పుట్టినవారేనని తెలిశాక భయం ఇంకాస్త పెరిగింది, ఊరు దగ్గర కదా! పదేళ్ల పిల్ల అలాంటిది చదివి రాత్రి నిద్రపోకపోతే, ముందు పక్కన పడుకోండి. పగలు తనతో కూర్చుని ఆ భయపడ్డ పేజీ మీరూ చదవండి. నిజంగా వయసుకి మించిందనిపిస్తే "ఇది చెడ్డ పుస్తకం" అనకుండా "ఇంకో నాలుగేళ్లు ఆగి చదువుదువుగానిలే, దాచిపెడతాను" అనండి. దాచిన చోటు వాళ్లు కనిపెట్టేస్తారనుకోండి, అది వేరే సంగతి. కనీసం ఆ తరవాత భయం వేస్తే ఎవరికి చెప్పాలో వాళ్లకి తెలిసి ఉంటుంది.

పుస్తకాలు కొనాలంటే ఖర్చు అంటారా, మీరు ఇప్పటికే కట్టారు. ఇంటిపన్ను రసీదు తీసి చూడండి, గ్రంథాలయ సెస్సు అని రూపాయికి ఎనిమిది పైసల చొప్పున ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం పుణ్యమది. ఆ చట్టానికి అర్ధ శతాబ్దం ముందే ఊరూరా పుస్తకాలుండాలని తిరిగిన అయ్యంకి వెంకటరమణయ్య గారు ఎక్కడివారనుకున్నారు? ఈ పక్కనే, బిక్కవోలు దగ్గర కొంకుదురు. 1914లో బెజవాడలో గ్రంథాలయాల మహాసభ జరిపించి, చిలకమర్తి వారిని అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. గుంటూరు వైపు పాతూరి నాగభూషణం గారు 1935లో కాలవ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊళ్లకు తిప్పారు. మనం లైబ్రరీకి పడవెక్కి వెళ్లనక్కర్లేదు, స్కూటీ చాలు. ఒక చిన్న మనవి: లోపలికి వెళ్లాక పుస్తకం వాణ్ణే తీసుకోనివ్వండి. మీరు గ్రూప్స్ మెటీరియల్ రాక్ వైపు చూడకండి.

ఇంట్లో వినేవాళ్లుంటే బాగుంటుంది, బయట తోటివాళ్లుంటే ఇంకా బాగుంటుంది. ఆదివారం పొద్దున్న మా అరుగు మీద ఆరేడుగురు పిల్లలు చేరతారు. పెద్ద ఏర్పాటేం లేదు, మా ఆవిడ తాపేశ్వరం కాజాలు తలో ముక్కా పెడుతుంది. ఎవరేం చదువుతున్నారో చెప్పాలి, చివర మాత్రం చెప్పకూడదు. చెప్పినవాడికి కాజా కట్. చివర దాచి చెప్పడం పిల్లలకి ఎంత కష్టమో చూసి తీరాలి, పొట్ట పట్టుకుని ఊగిపోతారు. ఒకడు మాంగా తెస్తాడు, కుడినుంచి ఎడమకి చదువుతాడు. నాకు తలకెక్కలేదు, రెండు వారాలు వాడి దగ్గర పాఠం చెప్పించుకున్నాను. రిటైరైన మాస్టారికి పాఠం చెప్పానని వాడు వీధంతా చెప్పుకున్నాడు.

ఇంతకీ బెండకాయల అమ్మాయి సంగతి. చీవాట్లు పెట్టనన్నానని కాస్త మొహం ముడుచుకునే వెళ్లింది. వారం తిరక్కుండా శివాలయం దగ్గర కనిపించింది. కరెంటు పోయిన రాత్రి డాబా మీద వాడు కథ మొదలెట్టాడట. బంగళా, దీపం, మేడ మీద అడుగుల చప్పుడు, అక్కడిదాకా చెప్పాడట. "పరీక్షలయ్యాకే మిగతాది" అని ఆపేశాడట.

"అంతవరకూ ఆగలేక వాడు స్కూలుకెళ్లాక తీసి చూశాను మాస్టారూ. ఇంగ్లీషు కదా, సగం అర్థం కాలేదు. ఆ దీపం పెట్టేది మనిషేనాండీ? మీరు చదివే ఉంటారుగా?"

చదవలేదు. పుస్తకం వాడి స్నేహితుడిది, తిరిగి ఇచ్చేశాక ఇంకొకడు తీసుకున్నాడు. ఆ వరసలో నేను మూడోవాణ్ణి.