పాఠం: ‘బదులు’ – ఒకరి స్థానంలో ఇంకొకరు

ఇంట్లో ఈ మాట మీరు చాలాసార్లు వినే ఉంటారు. కానీ ‘బదులు’కి ఒక్క అర్థం కాదు. కింది వాక్యాలు పైకి చదవండి.

1. స్థానంలో: చక్కెరకు బదులు బెల్లం వెయ్యి. నా బదులు తమ్ముడు వస్తాడు.
క్రియతో కూడా వాడతాం: బస్సు కోసం ఎదురుచూసే బదులు నడిచి వెళ్దాం.

2. జవాబు: పిలిస్తే బదులు పలకవేం?

3. చిన్న అప్పు: ఒక వెయ్యి చేబదులు ఇస్తావా? రేపు ఇచ్చేస్తాను.
(చేబదులుకి కాగితం, వడ్డీ ఉండవు. నమ్మకమే పత్రం.)

గమనిక: ‘బదిలీ’ వేరు. ఉద్యోగిని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మార్చడం బదిలీ.

పదవుల్లో ఏమంటారు?

పెద్ద పదవి తర్వాతి పదవికి ముందు ‘ఉప’ చేరుస్తాం: ఉపరాష్ట్రపతి, ఉప ముఖ్యమంత్రి. పెద్ద పదవి ఖాళీ అయితే, కొత్తవారు వచ్చేదాకా ఆ పని చూసేవారిని ‘తాత్కాలిక’ అంటాం. 1969 మే నెలలో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ మరణించారు. అప్పుడు ఉపరాష్ట్రపతిగా ఉన్న వి.వి.గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. ఆ ఏడాదే ఎన్నికలో గెలిచి రాష్ట్రపతి అయ్యారు. మన ఆఫీసుల్లో మాత్రం ‘ఇన్‌చార్జి’ అనే మాటే ఎక్కువ వినిపిస్తుంది.

బదులా, తరఫునా?

సెలవులకి ఊరెళ్ళారు. నాన్నగారికి రావడం కుదరలేదు. బంధువుల పెళ్ళికి మీరొక్కరే వెళ్ళారు. తాతయ్యగారు “నాన్న రాలేదా?” అని అడిగారు.

“నాన్నకి బదులు నేనొచ్చాను” అంటే తప్పు కాదు. కానీ ఖాళీ కుర్చీలో కూర్చున్నట్టు ఉంటుంది. “నాన్న తరఫున వచ్చాను తాతయ్యా, మిమ్మల్ని అడిగానని చెప్పమన్నారు” అంటే, నాన్నగారి పలకరింపు కూడా మీతో వచ్చినట్టే. ‘బదులు’ మనిషిని మారుస్తుంది. ‘తరఫున’ మనిషిని వెంట తెస్తుంది.

అభ్యాసం: బదులు, తరఫున, బదిలీ – సరైన మాటతో పూరించండి.

1. ఫోన్ చూసే ______ పుస్తకం చదువు.
2. మా క్లాసు ______ టీచరుగారికి పూలు ఇచ్చాను.
3. మామయ్యకి విశాఖపట్నం ______ అయింది.
4. అమ్మకి ఒంట్లో బాగాలేదు, ఈ రోజు అమ్మ ______ నేను వంట చేశాను.

ఇంటిపని: ఈ వారం అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసి, ఇంట్లో ఒకరి తరఫున ఒక కబురు చెప్పండి. వాళ్ళేం బదులు చెప్పారో రెండు వాక్యాల్లో రాయండి.

జవాబులు: 1. బదులు 2. తరఫున 3. బదిలీ 4. బదులు