ఆరోగ్య పాఠం: సాయంత్రం ఫుట్‌బాల్, తెల్లవారితే పరుగు



ఆదివారం తెల్లవారుజామున రామకృష్ణా బీచ్‌కు వెళ్ళేవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. మన విశాఖలో పరుగెత్తేవారు బాగా పెరిగారు. నేవీ మారథాన్ వచ్చిన తర్వాత 10 కిలోమీటర్లు, 21 కిలోమీటర్లు అనే మాటలు ద్వారకా నగర్ హాస్టల్ గదుల్లో కూడా వినబడుతున్నాయి. ఇది సంతోషించదగినదే. అయితే వీరిలో కొందరు ఇదివరకే ఏదో ఒక జట్టులో ఆడుతున్నవారు. ఫుట్‌బాల్, కబడ్డీ, వాలీబాల్ మానకుండానే దూరపు పరుగు కూడా మొదలుపెడతారు. ఈ నెల పాఠం వారి కోసం.

ఒక యువకుణ్ణి ఊహించుకుందాం. వయస్సు 25. ఉక్కు నగరం వైపు షిఫ్టు డ్యూటీ, బస ద్వారకా నగర్‌లో. ఆదివారం ఫుట్‌బాల్ మ్యాచ్, వారంలో మూడు సాయంత్రాలు ప్రాక్టీసు. స్నేహితుల మాట మీద 21 కిలోమీటర్ల పరుగుకు పేరు ఇచ్చాడు. నెల తిరగకుండానే మోకాలి కింద, ముందు ఎముక వెంబడి నొప్పి పట్టుకుంది.

“డాక్టరు గారూ, జట్టును వదల్లేను, పరుగు కూడా వదల్లేను. నొప్పి తగ్గే మాత్ర రాసివ్వండి చాలు” అంటాడు.

“అలాగే బాబూ. ముందు ఇది చెప్పు, వారంలో నీ కాళ్ళకు సెలవు ఏ రోజు?”

దానికి జవాబు ఉండదు.

ఈ రెండు శ్రమలూ ఒకటి కాదు. ఫుట్‌బాల్‌లో ఒక్కసారిగా ఉరకాలి, ఆగాలి, పక్కకు తిరగాలి, గెంతాలి. తొడ కండరములు, మోకాలు, చీలమండ ఆ భారం మోస్తాయి. దూరపు పరుగులో అంత విసురు ఉండదు గాని, ఒకే అడుగు వేలసార్లు పడుతుంది. నిమిషానికి 160 నుండి 180 అడుగుల చొప్పున గంటలో సుమారు పదివేల అడుగులు. ప్రతి అడుగుకూ మన బరువుకు రెండు మూడు రెట్ల తాకిడి ఎముక మీద పడుతుంది. ఎముక దీనికి అలవాటు పడగలదు. కాని ఊపిరి, గుండె కొద్ది వారాలలోనే మెరుగుపడితే, ఎముకకూ నరాలవంటి కండర బంధనములకూ నెలలు పడుతుంది. ఆయాసం తగ్గింది కదా అని మనిషి దూరం పెంచేస్తాడు. లోపల ఎముక ఇంకా సిద్ధపడలేదు. చాలా దెబ్బలకు మూలం ఇక్కడే ఉంది.

బలం సంగతి కూడా చూద్దాం. 1980లో అమెరికాలో రాబర్ట్ హిక్సన్ అనే పరిశోధకుడు కొందరి చేత పది వారాల పాటు బరువుల వ్యాయామం, ఓర్పు వ్యాయామం రెండూ గట్టిగా చేయించారు. మొదట వారి కాళ్ళ బలం పెరిగింది. ఏడెనిమిది వారాలకు ఆ పెరుగుదల ఆగి, చివరికి కొంత తగ్గింది కూడా. రెండూ కలిపి చేయరాదని దీని అర్థం కాదు. రెండూ ఒకేసారి నిండు మోతాదులో సాగవని మాత్రం అర్థం. స్కాట్లాండ్ తరఫున 1922, 1923లలో ఏడు రగ్బీ మ్యాచ్‌లు ఆడిన ఎరిక్ లిడెల్ కూడా పారిస్ ఒలింపిక్స్‌కు ముందు రగ్బీని పక్కనబెట్టి పరుగు మీదనే నిలిచారు. 1924లో 400 మీటర్లలో బంగారు పతకం పొందారు. ఆయన చేసింది దూరపు పరుగు కాదు, కాని ఎంచుకోవలసి రావడం మాత్రం ఒక్కటే. మన యువకుడు ఒలింపిక్స్‌కు వెళ్ళడం లేదు గనుక దేనినీ పూర్తిగా వదలనక్కరలేదు. లెక్క తెలిస్తే చాలు.

లెక్క ఇలా వేయండి. ఆడిన లేక పరుగెత్తిన నిమిషములను, ఆ శ్రమ సున్నా నుండి 10 వరకు ఎంత అనిపించిందో ఆ అంకెతో గుణించాలి. పరుగు మొదలుపెట్టక ముందు మన యువకుని వారం: ప్రాక్టీసు 75 నిమిషాలు, శ్రమ 6, మూడు రోజులకు 1350. మ్యాచ్ 90 నిమిషాలు, శ్రమ 8, అంటే 720. మొత్తం 2070. తర్వాత సోమ, బుధవారాల్లో 250 చొప్పున, శుక్రవారం 360, శనివారం ఉదయం పొడవైన పరుగు 600 కలిశాయి. ఇప్పుడు 3530. ఒక్క నెలలో నూటికి 70 వంతులు పెరిగింది. పైగా శనివారం ఉదయం వంద నిమిషాలు పరుగెత్తి, సాయంత్రం ప్రాక్టీసు చేసి, మర్నాడు మ్యాచ్ ఆడుతున్నాడు. నొప్పి రాకపోతే ఆశ్చర్యపోవాలి.

అదే వారాన్ని ఇలా మార్చవచ్చు. సోమవారం పూర్తి విశ్రాంతి. మంగళవారం ప్రాక్టీసు, 450. బుధవారం మాట్లాడుతూ వెళ్ళగలిగినంత నెమ్మదిగా 40 నిమిషాల పరుగు, 120. గురువారం ఉదయం 80 నిమిషాల పొడవైన పరుగు, 400. ఆ సాయంత్రం బంతి ముట్టుకోరాదు. శుక్రవారం పిక్కలకు, తొడలకు అరగంట బలం వ్యాయామం, 120. శనివారం 45 నిమిషాల తేలిక ప్రాక్టీసు, 180. ఆదివారం మ్యాచ్. మొత్తం 1990. పాత లెక్క కంటే తక్కువే, అయినా పరుగు సాగుతోంది. మ్యాచ్ లేని ఆదివారం పొడవైన పరుగును అక్కడికి జరిపి మరి పది నిమిషాలు కలుపుకోవచ్చు. నైట్ డ్యూటీ దిగి వచ్చిన ఉదయం మాత్రం పరుగు వద్దు, నిద్రపోండి. (కోచ్ ఒప్పుకోడు అంటారు. అడిగి చూశారా?)

ఇదంతా నొప్పి లేని కాళ్ళకు వేసిన లెక్క. నొప్పి ఉన్నవారు ముందు దాని సంగతి తేల్చుకోవాలి. ఎముక వెంబడి జానెడు మేర నొప్పిగా ఉండి, కొన్నాళ్ళ విశ్రాంతితో తగ్గితే భయం లేదు. ఒక్క వేలు పెట్టి ఇదిగో ఇక్కడే అని చూపగలిగితే, ఒంటికాలిపై గెంతితే నొప్పి చురుక్కుమంటే, రాత్రి పడుకున్నా బాధిస్తుంటే ఎముకలో సన్నని పగులు ఉందేమోనని అనుమానించాలి. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో అది కనబడకపోవచ్చు. ఎక్స్‌రే బాగానే ఉంది కదా అని ఆటకు దిగినవారికి ఆ పగులు పూర్తిగా విరిగిన సందర్భములున్నాయి. అప్పుడు పోయేది ఒక పోటీ కాదు, నెలల తరబడి డ్యూటీ, జీతం.

నొప్పి మాత్ర వేసుకొని పరుగెత్తడం మరీ చెడ్డ అలవాటు. మందుల షాపులో చీటీ లేకుండా కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి, చెమటతో నీరు కోల్పోయిన శరీరంలో మూత్రపిండములకు హాని చేయగలవు.

మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. కాబట్టి నీరు త్రాగాలి, కాని దాహాన్ని మించి కాదు. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో నూటికి 13 మందికి రక్తంలో సోడియం తగ్గి ఉంది. దారి పొడుగునా అతిగా త్రాగి బరువు పెరిగినవారిలో అది ఎక్కువగా కనబడింది. ఉప్పు వేసిన మజ్జిగ మంచిది. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ, ఉప్పు తక్కువ. ఆట ముగిసిన గంటలోపు అన్నమో, అరటిపండో, రాగి అంబలో తీసుకుంటే కండరములలో ఖర్చయిన నిల్వలు మర్నాటికి నిండుతాయి.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. పరుగు మొదలుపెట్టాక నెలసరి ఆగిపోతే, మంచి శిక్షణలో ఉందని అనుకోవద్దు. తిండి చాలడం లేదని, ఎముక పలుచబడే ప్రమాదం ఉందని గుర్తు. ఏజెన్సీ ప్రాంతం నుండి చదువుకు వచ్చిన పిల్లలు సికిల్ సెల్ పరీక్ష ఒకసారి చేయించుకొంటే మేలు. ఆ లక్షణం ఉన్నవారు ఆడవచ్చు, కాని ఎండలో ఒళ్ళు దాటి శ్రమపడరాదు.

పరుగులో గుండె నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం, లేక ఇంట్లో ఎవరైనా చిన్న వయస్సులో హఠాత్తుగా మరణించి ఉండడం — వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పోటీకి ముందే వచ్చి ఇ.సి.జి. తీయించుకోండి. కాలి నొప్పితో వచ్చేవారు రెండు వారాల ఆట, పరుగు వివరాలు కాగితం మీద రాసి, వాడుతున్న బూట్లు కూడా వెంట తీసుకొని రండి.