కొంగ, కుందేలు, దమనకుడు

కృష్ణా డెల్టాలో కొంగను చూడని బాలుడుండడు. విజయవాడ యొద్ద 1855లో ఆనకట్ట పూర్తియైనది. దానికి బదులుగా 1957లో ప్రకాశం బరాజు వెలసినది. అచ్చటినుండి సాగిన కాలువల వెంట, వరిచేల గట్లపై, ఒంటికాలిమీద నిలిచి తపస్సు చేయుచున్నట్లు కనబడు పక్షి యది. 'కొంగజపము' అను మాటను మనవారు దానిని చూచియే కల్పించిరి. ఆ గట్ల బొరియలలోనే ఎండ్రకాయలు నివసించును. పీత యన్నను అదియే. పంచతంత్రములోని కొంగ, ఎండ్రకాయల కథకు ఇంతకంటె తగిన చోటు వెదకనక్కఱలేదు.

ముదిసిన కొంగ యొకటి చేపలతో, "వానలు కురియవు, ఈ చెఱువెండిపోవును. మిమ్ము వేఱొక మడుగునకు చేర్చెదను" అని నమ్మబలికెను. వేసవిలో కాలువలు కట్టివేసినపుడు చెఱువుల యడుగు పగుళ్లువాఱుటను చూచినవారికి ఆ చేపలేల నమ్మినవో వేఱుగ చెప్పనేల? మోసగాడు భయమును క్రొత్తగా పుట్టింపడు. ఉన్న భయమును వాడుకొనును. కొంగ వానిని ఒక బండపైకి కొనిపోయి తినుచుండెను. తుదకు ఎండ్రకాయ వంతు వచ్చెను. అది ఎముకల కుప్పను చూచి సంగతి గ్రహించి, తన డెక్కలతో కొంగ మెడను త్రుంచెను.

కుందేలు కథ మీరెఱిగినదే. దినమునకొక జంతువును తిను సింహమునొద్దకు అది ఆలస్యముగ పోయి, వేఱొక సింహము తన్ను అడ్డగించినదని చెప్పి, బావిలోని నీడను చూపి, దానిని దూకించెను. కొంగ పలికినది అసత్యమే. కుందేలు పలికినదియు అసత్యమే. అయినను ఒకదానిని నిందింతుము, మఱియొకదానిని మెచ్చుకొందుము. కుందేటికి వేఱు దారి లేదు. కొంగను నమ్మినవో, దానికే కీడును చేయని చేపలు.

వీరందఱికంటె తెలివిగలవాడు దమనకుడను నక్క. పింగళకుడను సింహమునకును, సంజీవకుడను ఎద్దునకును స్నేహము కూర్చినవాడతడే. ఆ స్నేహము వలన తన పలుకుబడి తగ్గగా, దానిని విఱువ తలపెట్టెను. ఎద్దు రాజ్యము కోరుచున్నదని సింహముతోను, సింహము నిన్ను చంపనున్నదని ఎద్దుతోను చెప్పెను. ఇరువురును బెదరుచూపులతో ఎదురుపడిరి. ఒకరి బెదురు మఱియొకరికి ద్రోహమునకు సాక్ష్యముగ తోచెను. సంజీవకుడు మరణించెను.

ఇచ్చట చదువరులు సాధారణముగ గమనింపని విషయమొకటి కలదు. ఎండ్రకాయ కథను, కుందేలు కథను పంచతంత్రమున చెప్పినవాడు ఈ దమనకుడే! "అంతటి స్నేహమును నీవెట్లు విఱుతువు?" అని తోడినక్క కరటకుడు శంకింపగా, బుద్ధిబలమునకు ఉదాహరణములుగ వానిని చెప్పెను. ప్రాణము నిలుపుకొనుటకు కుందేలు పన్నిన ఉపాయము, పదవికై మిత్రభేదము చేయువానికి ఆధారమయ్యెను! గడ్డి మేయు సంజీవకుడెక్కడ, దినమునకొక ప్రాణము తీయు సింహమెక్కడ? ఈ భేదమును దమనకుడు దాటవేసెను.

కరటకుడు అతనిని గట్టిగ మందలించెను, ఫలము లేకపోయెను. ఈ కథలు పారసీకము మీదుగా అరబ్బు దేశములకు పోయినవి. 8వ శతాబ్దమున ఇబ్నుల్ ముకఫ్ఫా అరబ్బీలోనికి మార్చిన 'కలీల వ దిమ్న'యను గ్రంథమున, దమనకుని న్యాయసభలో విచారించి మరణదండన విధించిన అధ్యాయమొకటి అదనముగ చేరియున్నది. అచ్చటివారికి మొదటి ముగింపు రుచింపలేదు కాబోలు. మన పంచతంత్రమున మాత్రము దమనకుడు దుఃఖించుచున్న పింగళకుని ఓదార్చి, అతనికి మంత్రిగనే నిలిచెను.